పరుగులో పోగైన డబ్బు: డ్యూటీలో ప్రాణం పోయిన ఫైర్, పోలీసు కుటుంబాలకు ఎవరి ద్వారా ఇద్దాం?

#1 ఫ్రిస్కో శ్రీను

అందరికీ నమస్కారం. సెప్టెంబర్‌లో ఇక్కడ టెక్సస్‌లో మా కాలనీ తెలుగువాళ్లం కలిసి పిల్లలతో ఒక 5కే పరుగు పెట్టించాం. టీషర్టులు, పర్మిట్లు, ఇడ్లీ స్టాల్ ఖర్చులు పోను ఆరు వేల డాలర్ల పైచిలుకు మిగిలింది. డ్యూటీలో చనిపోయిన ఫైర్‌ఫైటర్లు, పోలీసులు, పారామెడిక్కుల కుటుంబాలకు ఇస్తామని పోస్టర్ మీద వేశాం. ఎవరి ద్వారా అన్నది వేయలేదు. అక్కడే వచ్చింది తంటా.

కమిటీలో ఇప్పుడు మూడు వర్గాలు. ఒకరు టనెల్ టు టవర్స్ అనే పెద్ద సంస్థకి పంపేద్దాం అంటారు. ఇంకొకరు మన ఊరి ఫైర్ స్టేషన్‌కి వెళ్లి చెక్కు చేతికిచ్చి ఫొటో దిగుదాం అంటారు. మా బావమరిది కథ వేరు. ఎవరో "పోలీస్ అసోసియేషన్" అని ఫోన్ చేస్తే కార్డు నంబర్ చెప్పి వంద ఇచ్చేశాడట, వాళ్లు చాలా మర్యాదగా మాట్లాడారు, ఇదీ వాళ్లకే ఇద్దాం అంటున్నాడు.

ఈ సంస్థలు కుటుంబాలకు అసలు ఏం చేస్తాయో తెలిసినవాళ్లు చెప్పండి.

#2 కాకినాడ కాజా

ముందు మీ బావమరిది చేతిలో ఫోను లాక్కోండి శ్రీను గారూ. మిగతావి తర్వాత మాట్లాడుకుందాం.

#3 పద్మజ, సీపీఏ (ఇర్వింగ్)

కాజా గారు సరదాగా అన్నా అది చెయ్యాల్సిన పనే. ఖాకీ పేరో, ఫైర్ ఇంజన్ పేరో చెప్పి ఫోన్లలో డబ్బు గుంజడం ఈ దేశంలో పెద్ద వ్యాపారం. 2021 మార్చిలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్, రాష్ట్రాలు కలిసి అలాంటి ఒక టెలిమార్కెటింగ్ గుంపును మూయించాయి. 6.7 కోట్ల మందికి 130 కోట్ల కాల్స్ చేసి 11 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేశారు. క్యాన్సర్ రోగులు, మాజీ సైనికులు, ఇల్లు కాలినవాళ్లు, ఇలా ఎవరి పేరు చెబితే జనం కరుగుతారో ఆ పేరు చెప్పారు. డాలర్‌లో 90 సెంట్ల దాకా ఆ ఫోన్లు చేసేవాళ్లే ఉంచుకున్నారు.

ఇంకో సంగతి. పేరులో "పోలీస్ అసోసియేషన్" అని ఉన్నంతమాత్రాన అది దాతృత్వ సంస్థ కాదు. చాలావరకు యూనియన్లు. యూనియన్‌కి ఇవ్వడం తప్పేం కాదు, కానీ అది 501సి3 (పన్ను చట్టం కింద గుర్తింపు పొందిన దాతృత్వ సంస్థ) కాదు కాబట్టి పన్ను మినహాయింపు రాదు. ఆ డబ్బు వితంతువుకే చేరాలన్న నియమమూ లేదు. కొన్నయితే పొలిటికల్ కమిటీలు.

చూసుకోవడం ఎలాగంటే, ఐఆర్ఎస్ (అమెరికా పన్ను శాఖ) సైట్లో సంస్థ పేరు కొట్టండి, 501సి3 అవునో కాదో అక్కడే తెలుస్తుంది. తర్వాత వాళ్ల 990 ఫారం, అంటే ఏటా పన్ను శాఖకిచ్చే లెక్కల పత్రం, తెరవండి. అది అందరూ చూడగలిగేదే. అందులో తొమ్మిదో భాగంలో ఖర్చులన్నీ ఉంటాయి. రెండో వరుస చూడండి, వ్యక్తులకు నేరుగా ఇచ్చిన సాయం అక్కడ పడుతుంది. మీకు కావాల్సింది కుటుంబాలకు డబ్బు చేరడమే అయితే ముందు చూడాల్సిన వరుస అది. ఆ తర్వాత 26వ వరుస, జాయింట్ కాస్ట్స్. ఫోన్ కాల్‌లో "అగ్ని ప్రమాదాల పట్ల జాగ్రత్త" అని ఒక్క ముక్క అనేసి ఆ కాల్ ఖర్చులో కొంత సేవా కార్యక్రమం కింద చూపించే కిటుకు అక్కడ బయటపడుతుంది. "మా ఖర్చులో 85 శాతం సేవలకే" అని బ్రోషర్లో చదివి మురిసిపోకండి, ఈ వరుస చూశాక మాట్లాడదాం.

#4 రౌండ్ రాక్ ప్రసాద్

నాకు అసలు విషయమే అర్థం కాలేదు. డ్యూటీలో పోతే ఫెడరల్ ప్రభుత్వం లక్షల డాలర్లు ఇస్తుంది. టెక్సస్ ఇస్తుంది. పెన్షన్, ఇన్సూరెన్స్ ఉంటాయి. మన ఆరు వేలు వాళ్లకి ఏ మూలకి? అదే డబ్బు మన ఊళ్లో ఏ స్కూలుకో పంపితే ఒక గది లేస్తుంది. ఎవరూ ఏమీ అనుకోవద్దు, లెక్క చెబుతున్నా.

#5 జెర్సీ వెంకట్

ప్రసాద్ గారూ, మీ లెక్కలో సగం కరెక్టే. మిగతా సగం నేను చెప్తా. నేను న్యూజెర్సీలో మా టౌన్‌షిప్‌లో వాలంటీర్ ఫైర్‌ఫైటర్‌ని. పగలు జావా, రాత్రి పేజర్.

ఫెడరల్ పథకం పేరు పబ్లిక్ సేఫ్టీ ఆఫీసర్స్ బెనిఫిట్స్. 1976లో మొదలైంది, అప్పుడు 50 వేల డాలర్లు. 2001లో రెండున్నర లక్షలు చేశారు, ఏటా ధరలతో పాటు పెరుగుతుంది. ఇప్పుడు నాలుగు లక్షలు దాటింది. నాలాంటి వాలంటీర్‌కీ వర్తిస్తుంది. ఇది తెలియని ఫైర్‌ఫైటర్లే మా స్టేషన్లో ఉన్నారు. భార్యకి సగం, పిల్లలందరికీ కలిపి సగం. పిల్లల చదువుకి నెలనెలా వేరే సాయం.

రావాల్సింది ఇదీ. ఇక ఎలా వస్తుందో చూడండి. మరణ ధ్రువపత్రం, పోస్ట్‌మార్టం రిపోర్టు, టాక్సికాలజీ రిపోర్టు, డిపార్ట్‌మెంట్ వాళ్ల ప్రమాద నివేదిక, పెళ్లి సర్టిఫికెట్. ఆయనకో ఆవిడకో అంతకుముందు పెళ్లయి విడిపోయి ఉంటే ఆ పాత విడాకుల తీర్పు కాపీ కూడా. భర్త పోయిన ఆవిడ ఆయన మొదటి భార్య విడాకుల కాగితం కోసం ఇంకో రాష్ట్రంలో కౌంటీ క్లర్క్‌కి ఫోన్లు చేస్తూ కూర్చుంటుంది. ఫైలు వాషింగ్టన్‌లో తేలడానికి ఏడాది, అంతకు మించి పట్టడం మామూలే. ఈ లోపు మార్ట్‌గేజ్ (ఇంటి అప్పు వాయిదా) ఆగదు కదా. జీతం మాత్రం ఆగిపోతుంది.

పైగా డ్యూటీలో పోవడం అంటే ఏమిటన్నదే పెద్ద తగువు. మాలో ఎక్కువమందిని తీసుకుపోయేది మంట కాదు, గుండెపోటు. కాల్‌కి వెళ్లొచ్చి, ఇంటికొచ్చి, స్నానం చేసి, సోఫాలో కూలిపోతాడు. ఒకప్పుడు దాన్ని లెక్కలోకే తీసుకునేవారు కాదు. 2003లో చట్టం మార్చారు. ఒళ్లు హూనమయ్యే పనో, తీవ్రమైన ఒత్తిడి ఉన్న పనో చేసిన 24 గంటల్లోపు గుండెపోటో పక్షవాతమో వచ్చి పోతే డ్యూటీలో పోయినట్టే అనుకోవాలని. దాని కోసం కాల్ ఎన్ని గంటలకు మొదలైంది, ఇంట్లో ఎన్ని గంటలకు పడిపోయాడు అని నిమిషాలతో సహా రాసుకోవాలి. దుఃఖంలో ఉన్న ఇంట్లో ఆ టైమ్ ఎవరు రాసుకుంటారు?

అందుకని కుటుంబం పక్కన కూర్చుని ఆ కాగితాలు పూర్తి చేయించే మనిషి కావాలి. ఫైర్ వైపు ఆ పని చేసేది నేషనల్ ఫాలెన్ ఫైర్‌ఫైటర్స్ ఫౌండేషన్. మేరీల్యాండ్‌లో ఎమిట్స్‌బర్గ్ అనే చిన్న ఊళ్లో ఉంటుంది, 1992లో కాంగ్రెస్ చట్టం చేసి పెట్టింది. రాష్ట్రాల్లో వాళ్ల సహాయ బృందాలున్నాయి. ఎక్కడైనా మరణం జరిగితే అంత్యక్రియల ఏర్పాట్ల దగ్గర్నుంచి ఈ క్లెయిమ్ దాకా డిపార్ట్‌మెంట్‌కి, ఇంటివాళ్లకి తోడుంటారు. వాలంటీర్ డిపార్ట్‌మెంట్ అంటే పాతిక మందిమి ఉంటాం. చనిపోయినవాడు మా స్నేహితుడే. మేం ఏడవాలా, ఫారాలు నింపాలా?

#6 కాకినాడ కాజా

వెంకట్ గారూ, మీరు నిజంగా మంటల్లోకి వెళతారా? మీ ఆవిడ ఒప్పుకున్నారా అండి?

#7 జెర్సీ వెంకట్

ఒప్పుకోలేదు. ఇంకా ఒప్పుకోలేదు. అన్నం దగ్గర పేజర్ మోగితే ఆవిడ ముఖం చూడకుండా వెళ్లిపోతా.

అన్నట్టు మా రాష్ట్రంలో ఒక పాత ఏర్పాటుంది. న్యూజెర్సీ స్టేట్ ఫైర్‌మెన్స్ అసోసియేషన్, 1885 నాటిది. బయటి రాష్ట్రాల కంపెనీలు ఇక్కడ అమ్మే ఫైర్ ఇన్సూరెన్స్ ప్రీమియం మీద 2 శాతం పన్ను దానికి వెళుతుంది. అందులోంచి ఇబ్బందుల్లో ఉన్న ఫైర్‌ఫైటర్ల కుటుంబాలకు సాయం, అంత్యక్రియల ఖర్చు ఇస్తారు. ఎవరి దగ్గరా చెయ్యి చాచక్కర్లేదు. టెక్సస్‌లో ఇలాంటిది ఉందేమో మీవాళ్లే చెప్పాలి.

#8 పద్మజ, సీపీఏ (ఇర్వింగ్)

అచ్చం అలాంటిది కాదు గానీ టెక్సస్ మరీ చిన్నగా ఏం ఇవ్వదు. రాష్ట్రం తరఫున ఒకేసారి 5 లక్షల డాలర్లు, చిన్నపిల్లలుంటే నెలవారీ సాయం. 2017లో ఓటర్లు ఇంకోటి ఆమోదించారు. డ్యూటీలో చనిపోయిన ఫస్ట్ రెస్పాండర్ (ఆపదలో ముందుగా వచ్చే ఫైర్, పోలీసు, అంబులెన్సు మనిషి) భార్యకో భర్తకో సొంతింటి మీద ప్రాపర్టీ ట్యాక్స్ మొత్తం మాఫీ. మళ్లీ పెళ్లి చేసుకోనంతవరకు. టెక్సస్‌లో ప్రాపర్టీ ట్యాక్స్ కట్టేవాళ్లకి ఇది ఎంత పెద్ద విషయమో చెప్పక్కర్లేదు. అయితే దరఖాస్తు పెట్టుకుంటేనే వస్తుంది. దానంతటది ఎవరూ తెచ్చివ్వరు.

#9 సుజాత, నర్స్ (ఫీనిక్స్)

ప్రసాద్ గారి ప్రశ్నకి మా అరిజోనా సమాధానం చెబుతుంది. 2013 జూన్ 30న యార్నెల్ హిల్ దగ్గర అడవి మంటల్లో గ్రానైట్ మౌంటెన్ హాట్‌షాట్స్ దళంలో 19 మంది ఒకేసారి చనిపోయారు. ప్రెస్కాట్ అనే ఊరి మున్సిపాలిటీ దళం అది. మొత్తం దళంలో కాపలా గుట్ట మీద ఉన్న ఒక్కడే మిగిలాడు.

తర్వాత బయటపడిందేమిటంటే, ఆ 19 మందిలో 13 మంది సీజనల్ ఉద్యోగులు. అంటే వేసవికి తీసుకుని చలికాలం తీసేసే కొలువు. అదే మంట, అదే చోట, అదే నిమిషంలో పోయారు. కానీ ఊరు ఇచ్చే పెన్షన్, ఆరోగ్య బీమా ఆరుగురు పర్మనెంట్ వాళ్ల కుటుంబాలకే. మిగతా వాళ్ల భార్యలు టీవీ కెమెరాల ముందుకొచ్చి అడగాల్సి వచ్చింది. ఫెడరల్ సాయంలో ఆ తేడా లేదు, 19 మందికీ వర్తించింది. ఊరు దగ్గరికొచ్చేసరికి మాత్రం ఏళ్ల తరబడి గొడవ నడిచింది. అప్పుడు ఆ ఖాళీని పూరించింది ఇలాంటి సంస్థలే. అరిజోనా 100 క్లబ్, ఐడహోలో బోయ్సీ నుంచి పనిచేసే వైల్డ్‌లాండ్ ఫైర్‌ఫైటర్ ఫౌండేషన్.

ఈ 100 క్లబ్ పుట్టుక బాగుంటుంది. 1950ల మొదట్లో డెట్రాయిట్‌లో ఒక పోలీసాయన కాల్పుల్లో పోతే, ఒక కార్ల వ్యాపారి వంద మంది స్నేహితులకి ఉత్తరం రాశాడు, తలా ఇంత వేద్దాం రండని. ఇప్పుడు చాలా నగరాల్లో 100 క్లబ్బులున్నాయి. మామూలుగా మొదటి చెక్కు వీళ్లదే. అది పెద్దదేం కాదు. మార్చురీ నుంచి ఇంటికొచ్చి, అత్తగారు విమానం టికెట్ కొనడానికి కార్డు మీద లిమిట్ లేనప్పుడు అక్కరకొచ్చేది అదే.

#10 రౌండ్ రాక్ ప్రసాద్

13 మంది సంగతి నాకు తెలీదు. సరే. ప్రభుత్వం ఇవ్వాల్సింది ఇవ్వకపోతే ప్రభుత్వాన్ని అడగాలి గానీ మనం ఇడ్లీలమ్మి పూడ్చడం ఏమిటన్న ప్రశ్న మాత్రం వదలను.

#11 ఓరుగల్లు బిడ్డ

ప్రసాదన్నా, నేను గా పూడ్చిన డబ్బుతోటి పెరిగినోణ్ణి. చెప్త విను.

మా నాయిన కానిస్టేబుల్ ఉండె. తొంభైలల్ల మా దిక్కు మందుపాతర పేలితే జీపుల నలుగురు పోయిండ్రు, అందుల మా నాయిన ఒకడు. నేను మూడో తరగతి. మొదటి పది దినాలు ఇల్లు నిండ మనుషులే. పెద్ద సార్లు వచ్చిండ్రు, దండలేసిండ్రు. పదకొండో దినం సంది ఎవ్వలు లేరు. మా అమ్మ ఏడో తరగతి దాకనే చదివింది. ఎక్స్‌గ్రేషియా కాగితం ఒక ఆఫీసుల, పెన్షన్ కాగితం ఇంకో ఆఫీసుల. సర్వీసు రిజిస్టర్ల మా నాయిన పేరు ఒక తీరుగ, రేషన్ కార్డుల ఇంకో తీరుగ ఉందని ఫైలు ఆపిండ్రు. పేరు చివర "య్య" ఉన్నదా "యా" ఉన్నదా అని. మనిషి పోయిండు, అక్షరం కోసం ఆపిండ్రు.

గప్పుడు మా నాయిన బ్యాచ్ హెడ్ కానిస్టేబుల్ మామ ఒకాయన, ఆయన డ్యూటీ దిగి మా అమ్మను స్కూటర్ మీద ఎక్కించుకొని ఆఫీసులకు తిప్పిండు. తాసిల్దార్ దగ్గర కాగితం తెచ్చిండు, అటెస్టేషన్ చేపిచ్చిండు. మా అమ్మకు కారుణ్య నియామకం కింద అటెండర్ కొలువు వచ్చింది అంటే గాయన తోనే. బ్యాచ్ వాళ్లు నెలకు ఇంత అని జమ చేసి మా ఇంటర్ దాకా ఫీజు కట్టిండ్రు. దానికి సంస్థ లేదు, రిజిస్ట్రేషన్ లేదు, రశీదు బుక్కు లేదు. వెంకటన్న చెప్పిన ఫౌండేషన్ చేసే పని, మా దగ్గర ఒక్క మామ చేసిండు. అందరికి గసోంటి మామ దొరకడు గద.

ఇంక ఏటా అక్టోబర్ 21. 1959ల లద్దాఖ్‌ల హాట్ స్ప్రింగ్స్ దగ్గర చైనా వాళ్ల కాల్పులల్ల పది మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు పోయిన రోజు అది. ఆ రోజు పోలీసు అమరవీరుల పరేడ్ అయితది, ఏడాదిల పోయినోళ్ల పేర్లు చదువుతరు. మమ్మల్ని పిలిచి ముందు వరుసల కూసోబెట్టి శాలువ కప్పేటోళ్లు. చిన్నప్పుడు నాకు ఆ శాలువ అంటే కోపం. ఇయ్యాల మా అమ్మ దగ్గర బీరువ నిండ అవే ఉన్నయి, ఒక్కటి సుత ఎవ్వరికి ఇయ్యదు.

#12 లక్ష్మి (ఆస్టిన్)

ఓరుగల్లు తమ్ముడూ, చదివి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. అమ్మగారికి నమస్కారం చెప్పు.

నేను ఇక్కడ స్కూల్ కౌన్సిలర్‌ని. నువ్వు చెప్పిన పదకొండో రోజు ఉందే, ఆ రోజు నుంచి పనిచేసే సంస్థ పోలీసుల వైపు ఒకటుంది. కన్సర్న్స్ ఆఫ్ పోలీస్ సర్వైవర్స్, పొట్టిగా కాప్స్ అంటారు. 1984లో మొదలైంది, మిస్సోరీలో కామ్‌డెన్‌టన్ అనే ఊళ్లో ఆఫీసు. మా టెక్సస్‌లోనూ శాఖలున్నాయి. వాళ్ల పద్ధతిలో నాకు నచ్చింది, చనిపోయినవాడి చుట్టూ ఉన్న మనుషుల్ని విడివిడిగా పట్టించుకోవడం. భార్యలకో భర్తలకో ఒక శిబిరం, తల్లిదండ్రులకి వేరే, అన్నదమ్ములు అక్కచెల్లెళ్లకి వేరే, పెళ్లి కుదిరి ఇంకా కానివాళ్లకి వేరే, పక్క సీట్లో కూర్చుని డ్యూటీ చేసిన సహోద్యోగులకి వేరే. మన ఇళ్లల్లో చూడండి, ఒకడు పోతే పరామర్శంతా భార్యకీ తల్లికీ. తమ్ముడు పందిరి వేయించే పనిలో ఉంటాడు, వాణ్ణి ఎవరూ అడగరు.

పిల్లలకి వేసవి క్యాంపు ఉంటుంది. మా స్కూల్లో ఒక పిల్ల (వివరాలు మార్చి చెబుతున్నా) నాన్న పోయాక రెండేళ్లు తరగతిలో ఎవరితోనూ నాన్న మాట ఎత్తలేదు. ఎత్తితే అవతలివాళ్లు ఏడుపు ముఖం పెడతారని. క్యాంపు నుంచి వచ్చాక నాతో అన్న మొదటి మాట, "అక్కడ అందరికీ నాన్న లేడు మిస్, అందుకని ఎవరూ సారీ చెప్పలేదు" అని.

ఇంకోటి, బయటివాళ్లకి తట్టనిది. కాల్చినవాడి మీద కేసు నడుస్తుంది. ఆ విచారణ మూడేళ్లకో నాలుగేళ్లకో వస్తుంది. కోర్టులో ఆ బాడీ కెమెరా వీడియో వేస్తారు. వాడికి శిక్ష పడ్డా, తర్వాత పెరోల్ విచారణలకి మళ్లీ మళ్లీ వెళ్లాలి. అక్కడ పక్కన కూర్చునే మనిషిని కూడా కాప్స్ వాళ్లు ఏర్పాటు చేస్తారు. ఏ ఇన్సూరెన్స్ పాలసీలో ఉంటుంది చెప్పండి ఇది?

#13 ఫ్రిస్కో శ్రీను

అందరికీ థాంక్స్. మా కమిటీ వాట్సాప్‌లో ఈ లింకు పెట్టాను, బావమరిది కూడా చదివాడు. కార్డు బ్లాక్ చేయించాడు.

టనెల్ టు టవర్స్ గురించి ఎవరూ మాట్లాడలేదేం? టీవీలో నెలకి 11 డాలర్లు అని అడిగేది వాళ్లే కదా? మంచివాళ్లా కాదా?

#14 జెర్సీ వెంకట్

మంచివాళ్లే. స్టీఫెన్ సిల్లర్ కథ మా దగ్గర తెలియనివాళ్లు లేరు. 2001 సెప్టెంబర్ 11న ఆయన డ్యూటీ అయిపోయి అన్నదమ్ములతో గోల్ఫ్‌కి బయల్దేరాడు. స్కానర్లో వార్త విని వెనక్కి తిరిగి, బ్రూక్లిన్‌లో తన స్క్వాడ్ 1 స్టేషన్‌కి వెళ్లి సామాను తీసుకున్నాడు. బ్రూక్లిన్ బ్యాటరీ సొరంగం వాహనాలకి మూసేశారు. ట్రక్కు అక్కడే వదిలేసి, 60 పౌండ్ల సామాను వీపున వేసుకుని సొరంగంలో పరిగెత్తుకుంటూ అవతలికి వెళ్లాడు. ఇంక రాలేదు. ఐదుగురు పిల్లలు. ఆయన తోబుట్టువులు పెట్టిన సంస్థ ఇది. ఏటా సెప్టెంబర్‌లో అదే దారిలో పరుగు. నేనూ ఒకసారి పరిగెత్తా, సామాను లేకుండానే ఆయాసం వచ్చింది.

వాళ్ల ముఖ్యమైన పని, చిన్నపిల్లలున్న ఫస్ట్ రెస్పాండర్ చనిపోతే ఆ ఇంటి మార్ట్‌గేజ్ మొత్తం తీర్చేయడం. చాలా పెద్ద సాయం. నేను చెప్పేది ఒక్కటే, వాళ్లు ఇప్పుడు చాలా పెద్ద సంస్థ. సైనికులు, ఇళ్లు లేని మాజీ సైనికులు, అన్నీ చూస్తున్నారు. మీ ఆరు వేలు అక్కడ సముద్రంలో కాకిరెట్ట. పిల్లలు పెరిగిపోయినవాళ్లు, తల్లిదండ్రులు మాత్రమే మిగిలినవాళ్లు ఆ మార్ట్‌గేజ్ పథకంలోకి రారు. అలాంటివాళ్లని చూసే చోట మీ డబ్బు ఎక్కువ కనబడుతుంది.

ఆ రోజు ఎఫ్‌డీఎన్‌వై (న్యూయార్క్ ఫైర్ డిపార్ట్‌మెంట్)లో పోయినవాళ్లు 343 మంది. ఆ దుమ్ము పీల్చి తర్వాత జబ్బులతో పోయిన మా వాళ్ల సంఖ్య ఇప్పుడు ఆ 343ని దాటింది. వాళ్ల ఇళ్లకి టీవీ కెమెరాలు వెళ్లలేదు.

#15 సుజాత, నర్స్ (ఫీనిక్స్)

ఎవరూ ఎత్తడానికి ఇష్టపడని విషయం ఒకటి నేనే ఎత్తుతా. ఉద్యోగంలో చూసినవి తట్టుకోలేక ప్రాణం తీసుకున్నవాళ్ల కుటుంబాలు. ఏళ్ల తరబడి వాళ్లకి ఫెడరల్ సాయం రాలేదు, బ్యాండు మేళంతో అంత్యక్రియలు లేవు, గోడ మీద పేరు లేదు. 2022లో చట్టం మార్చారు. డ్యూటీలో ఎదురైన ఘోర సంఘటన వల్ల మానసికంగా దెబ్బతిని అలా పోతే, షరతులకు లోబడి, అదీ డ్యూటీ మరణమే. ఏ సంస్థకి ఇచ్చినా ఒక మెయిల్ పెట్టి అడగండి, ఇలాంటి కుటుంబాలను మీరు చేర్చుకుంటారా అని. సమాధానం బట్టి వాళ్లేంటో తెలిసిపోతుంది.

#16 108 రాజు (నరసరావుపేట)

అన్నలూ అక్కలూ, నేను ఇక్కడ 108 అంబులెన్సు మీద ఈఎంటీని, బండిలో ప్రథమ చికిత్స చేసేవాణ్ణి. రాత్రి డ్యూటీలో ఖాళీ దొరికి మొత్తం చదివా. మీ ఫస్ట్ రెస్పాండర్ అన్న మాటలో మేమూ ఉన్నట్టే కదా? 2005లో హైదరాబాద్‌లో మొదలైన 108 ఇవాళ చాలా రాష్ట్రాల్లో తిరుగుతోంది. మేం మాత్రం ప్రభుత్వ ఉద్యోగులం కాదు, నిర్వహించే ఏజెన్సీ ఉద్యోగులం. ఏజెన్సీ మారితే మా గతి మారుద్ది. సుజాతక్క చెప్పిన ఆ 13 మంది లెక్క చదువుతుంటే మా లెక్కే అనిపించింది.

కోవిడ్‌లో 2020 మార్చి చివర్లో కేంద్రం 50 లక్షల బీమా ప్రకటించింది, కాంట్రాక్టు వాళ్లకి కూడా. మంచిదే. కానీ కోవిడ్ వల్లే పోయాడని, కోవిడ్ డ్యూటీలోనే ఉన్నాడని కాగితం కావాలి. వెంకటన్న చెప్పిన కాగితాల బాధే, ఊరు మారింది అంతే.

#17 ఓరుగల్లు బిడ్డ

రాజు తమ్మీ, నిజం. "భారత్ కే వీర్" అని 2017 ఏప్రిల్‌ల కేంద్ర హోంశాఖ పెట్టింది, జనం నేరుగ అమరుల కుటుంబం ఖాతాల డబ్బు వెయ్యొచ్చు. అండ్ల నాకు నచ్చిన ముచ్చట ఒకటుంది. ఒక్క కుటుంబానికి 15 లక్షలు దాటకుండ హద్దు పెట్టిండ్రు. లేకుంటే టీవీల ఎక్కువ కనబడ్డోళ్ల ఇంటికే అంత పోతది, ఎవ్వలకు తెల్వని మారుమూల జవాన్ ఇంటికి సున్న. హద్దు దాటుతుంటే ఇచ్చేటోనికి చెప్తరు, ఇంకొకరికి ఇయ్యి, లేకుంటే ఉమ్మడి నిధికి ఇయ్యి అని. కానీ అది కేంద్ర బలగాలకే. మా నాయిన తీరు రాష్ట్ర కానిస్టేబుల్, నీ తీరు 108, ఫైర్ సర్వీసు, ఎవ్వలు రారు. ఏప్రిల్ 14 ఫైర్ సర్వీస్ డే చేస్తరు గద, 1944ల బొంబాయి డాకుల ఓడ పేలితే 66 మంది ఫైర్ వాళ్లు పోయిన రోజు. ఇన్నేండ్లయింది. వాళ్ల ఇండ్ల కోసం దేశం మొత్తం మీద కాప్స్ లాంటిది ఒక్కటి సుత నాకు కనబడలే.

#18 మోడరేటర్

ఏ ప్రభుత్వం ఎక్కువ ఇచ్చింది, ఏ పార్టీ నాయకుడు శాలువా కప్పాడు అన్న నాలుగు పోస్టులు తీసేశాను. ఆ చర్చకి వేరే థ్రెడ్ ఉంది, అక్కడ కొట్టుకోండి.

#19 ఫ్రిస్కో శ్రీను

నిన్న రాత్రి కమిటీ కూర్చుంది. సగం నేషనల్ ఫాలెన్ ఫైర్‌ఫైటర్స్ ఫౌండేషన్‌కి, సగం కాప్స్‌కి. ఇద్దరికీ సుజాత గారి ప్రశ్న మెయిల్ పెట్టాం, జవాబొచ్చాకే చెక్కులు. టనెల్ టు టవర్స్‌కి ఇష్టమున్నవాళ్లు ఎవరికివారు నెలకి 11 డాలర్లు పెట్టుకుంటారు. ఫైర్ స్టేషన్‌కి ఫొటో కోసం కాకుండా పులిహోర, గారెలు పట్టుకుని పోదాం అనుకున్నాం.

ఇంకో కబురు. ఐ-35 మీద ఆస్టిన్ వెళ్లేటప్పుడు వెస్ట్ అనే ఊళ్లో కొలాచీల (చెక్ వాళ్ల బన్నుల) కోసం అందరం ఆగుతాం కదా. 2013 ఏప్రిల్ 17న ఎరువుల ఫ్యాక్టరీ పేలింది ఆ ఊళ్లోనే. పోయిన 15 మందిలో 12 మంది మంటార్పడానికీ సాయానికీ వెళ్లినవాళ్లు, దాదాపు అందరూ వాలంటీర్లే. ఒకాయన డాలస్ ఫైర్ కెప్టెన్, ఆ రోజు డ్యూటీలో కూడా లేడు, ఇల్లు ఆ ఊళ్లో ఉందని వెళ్లాడు. ఈసారి పిల్లల్ని అక్కడి స్మారకం దగ్గరికి తీసుకెళ్తున్నాం.

పద్మజ గారూ, ఒక డౌటు. మా కంపెనీ డొనేషన్ మ్యాచ్ చేస్తుంది, అంటే మనం ఇచ్చినంత తనూ ఇస్తుంది. ఈ ఆరు వేలు నా పేరు మీద ఇచ్చి మ్యాచ్ తెచ్చుకుంటే పన్నెండు వేలవుతుంది కదా?

#20 పద్మజ, సీపీఏ (ఇర్వింగ్)

ఆ పని మాత్రం చెయ్యకండి. అది మీ సొంత డబ్బు కాదు, నలుగురి దగ్గర పోగైంది. మీ పేరు మీద మ్యాచ్ అడిగితే కంపెనీ నిబంధనలకి విరుద్ధం, ఉద్యోగం మీదికి వస్తుంది. మీ పన్నుల్లో చూపించుకోవడం కూడా కుదరదు. కాలనీ అసోసియేషన్ ఖాతా నుంచే చెక్కు వెళ్లాలి, ఆ పేరు మీదే రశీదు రావాలి. పరుగుకి రిజిస్ట్రేషన్ కట్టినవాళ్లకీ మినహాయింపు ఇస్తామని చెప్పకండి, వాళ్లకి టీషర్టు, టిఫిన్ ఇచ్చారు.

మ్యాచ్ కావాలంటే ఎవరికివారు సొంత జేబులోంచి విడిగా ఇచ్చి, ఎవరి కంపెనీలో వాళ్లు పెట్టుకోండి. సంస్థ పేరు 990లో ఉన్నట్టే ఎంచుకోండి, కంపెనీ పోర్టల్‌లో ఇలాంటి పేర్లతో అరడజను కనిపిస్తాయి.

#21 రౌండ్ రాక్ ప్రసాద్

మా కంపెనీ కూడా మ్యాచ్ చేస్తుంది. నేను కాప్స్‌కి ఒక 500 పెడుతున్నా. ప్రభుత్వాన్ని అడగాలన్న మాట మీద మాత్రం ఇంకా అక్కడే ఉన్నా.

ఓరుగల్లు బ్రదర్, మీ బ్యాచ్ మామ లాంటి వాళ్లు అక్కడ ఇప్పటికీ ఫీజులు కడుతున్నారా? కడుతుంటే ఎలా పంపాలో నాకు మెసేజ్ పెట్టు.

#22 ఓరుగల్లు బిడ్డ

కడుతున్నరన్నా. మామ రిటైర్ అయిండు, ఇప్పుడు నేను, ఇంకొంత మందిమి చూస్తున్నం. కానీ రిజిస్ట్రేషన్ ఇంక కాలే, అమెరికా నుంచి పైసలు తీసుకోవాలంటే ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) లొల్లి ఉంటది. సొసైటీ కాగితాలు పెట్టినం. అవి అయినంక మెసేజ్ చేస్త. అప్పటిదాక పైసలు పంపకు, పద్మజక్క కోప్పడ్తది.